పేరు పూర్తికాకముందే దాటిపోయిన ఎంటర్: ఒక మిర్చి అడ్తిలో కీబోర్డ్ కేసు

నేపథ్యం

వరంగల్ ప్రాంతంలోని ఒక మిర్చి అడ్తి, అంటే కమీషన్ మీద సరుకు అమ్మిపెట్టే దుకాణం. దుకాణాన్ని గుర్తుపట్టే వివరాలన్నీ తీసేశాం. సీజన్లో జెండా పాట (ధర తేల్చే వేలం) అయి కాంటాలు మొదలయ్యాక, తక్‌పట్టీలు (రైతుకిచ్చే అమ్మకం చీటీలు) కొట్టే బల్ల దగ్గర కొన్ని గంటలు చేతికి ఖాళీ ఉండదు. పట్టీ కోసం బ్రౌజర్‌లో నడిచే చిన్న అప్లికేషన్ వాడుతున్నారు. అది రియాక్ట్ 18 (తెరలు కట్టే లైబ్రరీ), టైప్‌స్క్రిప్ట్ (విలువలకు టైపులు రాసే జావాస్క్రిప్ట్) వాడి కట్టినది. టైపులను గట్టిగా తనిఖీ చేసే ‘స్ట్రిక్ట్’ అమరిక మొదటి రోజు నుంచీ ఆన్‌లోనే ఉంది. నెట్ పోయినా పని ఆగకూడదని సర్వర్ దుకాణంలోనే పెట్టారు. బల్ల మీద రెండు విండోస్ కంప్యూటర్లు, రెండింటిలోనూ క్రోమ్. కాంటా దగ్గర ఒక ఆండ్రాయిడ్ ట్యాబ్లెట్.

పట్టీలో ఏడు గడులు: లాట్ నంబరు, రైతు పేరు, ఊరు, రకం, బస్తాలు, తూకం, ధర. టాలీకి అలవాటు పడ్డ చేతులు కాబట్టి ఎంటర్ కొడితే తర్వాతి గడికి పోవాలి, చివరి గడిలో కొడితే పట్టీ దాచాలి. మౌస్ ముట్టే తీరిక ఎవరికీ లేదు. అందుకే ఈ అప్లికేషన్‌లో కీబోర్డ్ సరిగ్గా పనిచేయకపోతే పట్టీ రాయడమే ఆగిపోతుంది.

ఇద్దరు గుమాస్తాలు. పెద్దాయన తెలుగు ఇన్‌స్క్రిప్ట్‌లో (మీట నొక్కితే నేరుగా తెలుగు అక్షరం పడే అమరిక) కొడతారు, కీబోర్డ్ వైపు చూడరు. రెండో అబ్బాయి విండోస్ ఫొనెటిక్ కీబోర్డ్ వాడతాడు. ఇంగ్లిష్ అక్షరాల్లో కొడుతూ, కింద వచ్చే తెలుగు మాటల్లోంచి ఒకటి ఎంచుకుని ఎంటర్ కొట్టడం అతని పద్ధతి. ఈ తేడాయే కేసుకు మూలం. మొదట్లో దాన్ని ఎవరూ పట్టించుకోలేదు.

మొదటి ఫిర్యాదు, దానికి చేసిన మరమ్మతు

పట్టీల జాబితా తెరలో ఒంటి అక్షరాల షార్ట్‌కట్లు ఉండేవి: ‘పి’ మీట నొక్కితే అచ్చు, ‘ఎన్’ నొక్కితే కొత్త పట్టీ. పెద్దాయన కంప్యూటర్‌లో అవి పలకలేదు. కారణం సులువుగానే దొరికింది. మీట నొక్కినప్పుడు బ్రౌజర్ ప్రోగ్రామ్‌కు పంపే కబురే ఈవెంట్. అందులో ‘కీ’ అనే ప్రాపర్టీ (ఒక వివరం) ఆ మీట నుంచి పుట్టిన అక్షరాన్ని చెబుతుంది. ఇన్‌స్క్రిప్ట్‌లో పి మీట నుంచి ‘జ’ వస్తుంది, ఎన్ మీట నుంచి ‘ల’ వస్తుంది. ప్రోగ్రామ్ ఇంగ్లిష్ అక్షరం కోసం ఎదురుచూస్తూ కూర్చుంది.

ఈవెంట్‌లోనే ‘కోడ్’ అనే ఇంకో ప్రాపర్టీ ఉంది. అది భాషతో పని లేకుండా మీట ఉన్న చోటును చెబుతుంది: పి మీటకు ఎప్పుడూ ‘కీపీ’. దాంతో డెవలపర్ ప్రోగ్రామ్ అంతటా వెతికి ‘కీ’తో ఉన్న పోలికలన్నిటినీ ‘కోడ్’కి మార్చారు. రెండు షార్ట్‌కట్ల కోసం చేసిన మార్పు, ఎంటర్‌ని పట్టుకునే చోట్లకూ పాకింది. ఆ మార్పు పద్ధతిగానే కనిపించింది. రెండు ప్రాపర్టీల టైపూ స్ట్రింగే (అక్షరాల వరుస), కాబట్టి టైపులు సరిచూసే కంపైలర్ ఒక్క మాటా అనలేదు.

అదే రోజు మధ్యాహ్నం, అంకెల పక్కనున్న ఎంటర్ పనిచేయడం లేదని తేలింది. ‘కీ’లో రెండు ఎంటర్లకూ ఒకటే పేరు, ‘ఎంటర్’. ‘కోడ్’లో మాత్రం అంకెల పలకలోని దానికి ‘న్యూమ్‌ప్యాడ్‌ఎంటర్’ అని వేరే పేరు. ఆ పేరునూ చేర్చి సరిచేశారు. ఇక్కడే ఆగి, ఎంటర్ లాంటి పేరున్న మీటకు ‘కోడ్’ ఎందుకు అని అడిగి ఉంటే తర్వాతి రెండు వారాలు కలిసొచ్చేవి.

అసలు సమస్య

రెండో అబ్బాయి దగ్గర నుంచి వచ్చిన మాట ఇది: “అన్నా, పేరు కొట్టి తెలుగు మాట పట్టంగనే కిందికి దుంకుతున్నది. పేరు సగమే పడుతున్నది.” వెతికితే కొన్ని పట్టీల్లో రైతు పేరు ఇంగ్లిష్ అక్షరాల్లో, అదీ సగంలో ఆగి ఉంది. దీన్ని చిన్న తప్పుగా చూడకూడదు. రైతు చేతిలో ఉండే రుజువు ఆ పట్టీయే. ములుగు నుంచో మహబూబాబాద్ నుంచో బండి కట్టించుకుని వచ్చిన మనిషి, పేరు తప్పు పడ్డ కాగితంతో మళ్లీ తిరగాల్సి వస్తుంది.

ఫొనెటిక్ కీబోర్డ్‌లో మాట ఇంకా కూర్పులో, అంటే ఖాయం కాకుండా ఉండగా కొట్టే ఎంటర్ అప్లికేషన్ కోసం కాదు, ‘ఈ మాట ఖాయం’ అని కీబోర్డ్‌కి చెప్పడం కోసం. అయినా మీట నొక్కగానే పుట్టే కీడౌన్ ఈవెంట్ పేజీకి వస్తుంది. విండోస్ క్రోమ్‌లో ఆ సమయంలో ‘కీ’ విలువ ‘ప్రాసెస్’, పాత ‘కీకోడ్’ విలువ 229. అంటే ‘ఈ నొక్కు నీది కాదు, కీబోర్డ్ తీసుకుంది’ అని బ్రౌజర్ చెబుతున్నట్టు. కానీ ‘కోడ్’ మాత్రం ఎప్పటిలాగే ‘ఎంటర్’ అంటుంది. అది చోటును మాత్రమే చెబుతుంది, ఆ నొక్కును ఎవరు తీసుకున్నారో దానికి తెలియదు. ‘కీ’తో పోల్చినన్నాళ్లూ ఈ కంప్యూటర్లలో తప్పు బయటపడకపోవడానికి కారణం అదే. మొదటి మరమ్మతు ఆ హెచ్చరికను తీసి పారేసింది.

పనిచేయని రెండు ప్రయత్నాలు

ఈవెంట్‌లో ‘ఈజ్‌కంపోజింగ్’ అనే గుర్తు ఉంటుంది, కూర్పు నడుస్తుంటే అది నిజం అవుతుంది. డెవలపర్ దాన్నే వాడబోయారు. కంపైలర్ ఒప్పుకోలేదు: రియాక్ట్ కీబోర్డ్‌ఈవెంట్ టైపులో ఆ ప్రాపర్టీ లేదు. ఈవెంట్‌ని ‘యాజ్ ఎనీ’ (దీని టైపు చూడొద్దు) అని మార్చి అడిగారు. ఎర్ర గీత పోయింది, తప్పు పోలేదు.

కంపైలర్ చెప్పింది అక్షరాలా నిజం. రియాక్ట్ మనకిచ్చేది బ్రౌజర్ ఈవెంట్ కాదు, దాని చుట్టూ చుట్టిన సొంత వస్తువు. అందులో ఈజ్‌కంపోజింగ్ ఉండదు, లోపలి ‘నేటివ్‌ఈవెంట్’లో ఉంటుంది. చుట్టును అడిగితే ‘అన్‌డిఫైన్డ్’ వస్తుంది. షరతులో అది ‘కాదు’తో సమానం. అంటే ఆ పరీక్ష ఎప్పుడూ ‘కూర్పు లేదు’ అనే చెబుతుంది. కోడ్ చదివేవాళ్లకు మాత్రం అక్కడ కాపలా ఉన్నట్టు కనిపిస్తుంది.

‘ఎనీ’ వైపు చెయ్యి పోవడానికి ఇంకో చిక్కూ తోడైంది. రియాక్ట్ టైపు పేరూ బ్రౌజర్ టైపు పేరూ ఒకటే, కీబోర్డ్‌ఈవెంట్. ఒక ఫైల్‌లో రియాక్ట్ దాన్ని ఇంపోర్ట్ చేస్తే, ఆ ఫైల్ అంతటా బ్రౌజర్ దాన్ని అది కప్పేస్తుంది. అదే ఫైల్‌లో డాక్యుమెంట్ మీద నేరుగా పెట్టిన లిజనర్ (ఈవెంట్ వస్తే నడిచే ఫంక్షన్) కూడా ఉండటంతో టైపులు పొసగలేదు. పేరు మార్చి ఇంపోర్ట్ చేసుకుంటే, లేదా ‘రియాక్ట్.కీబోర్డ్‌ఈవెంట్’ అని పూర్తిగా రాస్తే తీరిపోయే గొడవ అది.

పరీక్షలో ఇది ఎందుకు దొరకలేదంటే, పరీక్షించినవాళ్లు పేర్లను ఇంగ్లిష్‌లో కొట్టారు లేదా వేరేచోట నుంచి అతికించారు. రెండిట్లోనూ కూర్పు జరగదు.

రెండో ప్రయత్నం ఆలస్యం. ఎంటర్ వచ్చాక 300 మిల్లీసెకన్లు ఆగి తర్వాతి గడికి పంపారు. మాట ఎంచుకోవడానికి మనిషికి ఎంత సేపు పడుతుందో గడియారం చెప్పలేదు. పైగా పెద్దాయన వేగానికి, బస్తాల సంఖ్య రకం గడిలో పడింది. బాగున్న కంప్యూటర్ కూడా చెడింది. ఆ మార్పును ఒక్క రోజులో వెనక్కి తీశారు.

ఊహించడం ఆపి రాసిపెట్టడం

ఆ తర్వాత ఒక చిన్న నమోదు పేజీ పెట్టారు. కీడౌన్, బిఫోర్‌ఇన్‌పుట్ (అక్షరం గడిలో పడేముందు వచ్చేది), కంపోజిషన్ (కూర్పు) మొదలు, ముగింపు: వీటిలో ఏది వచ్చినా ఒక వరుస రాస్తుంది. వరుసలో సమయం, కీ, కోడ్, కీకోడ్, ఈజ్‌కంపోజింగ్, రిపీట్, ఈవెంట్ ఏ క్లాస్‌ది అనేవి ఉంటాయి. రైతుల పేర్లు చిట్టాలోకి రాకూడదు కాబట్టి ‘కీ’ ఒంటి అక్షరమైతే దాని బదులు ‘అక్షరం’ అని మాత్రమే పడుతుంది, కోడ్‌లో అక్షరాల మీటలనూ అలాగే కప్పేశారు. మూడు యంత్రాల్లోనూ ఒక్కో పూట ఇది నడిచింది.

పేర్ల సంగతి రుజువైంది. దాంతోపాటు ఎవరూ అడగని తప్పులు మూడు బయటపడ్డాయి. మూడింటిలో తూకానిదే ఎక్కువ భయపెట్టింది.

తూకం గడి ‘నంబర్’ రకం ఇన్‌పుట్, అడుగు విలువ 0.5. నమ్‌లాక్ ఆరిపోయి ఉంటే అంకెల పలకలో 2 మీట ‘కింది బాణం’ అవుతుంది, 8 మీట ‘పై బాణం’ అవుతుంది. నంబర్ గడిలో కింది బాణం నొక్కితే బ్రౌజరే విలువను ఒక అడుగు తగ్గిస్తుంది. అంటే 45.5 పడ్డ గడిలో దిద్దడానికి 2 నొక్కితే అది 45 అవుతుంది. గడి ఎర్రబడదు, సందేశం రాదు, వచ్చిన సంఖ్య నమ్మదగినట్టే ఉంటుంది. బస్తాకు అర కిలో అంటే మిర్చి ధరలో అది రైతు జేబులోంచి పోయే డబ్బు.

రెండోది, అచ్చు మీటను కాస్త ఎక్కువసేపు పట్టుకుంటే ఒకే పట్టీ రెండుసార్లు అచ్చవడం. మీటను పట్టుకుని ఉంచితే కీడౌన్ మళ్లీ మళ్లీ వస్తుంది. రెండోసారి నుంచి ‘రిపీట్’ నిజమవుతుంది. దాన్ని ఎవరూ చూడలేదు.

మూడోది, ఊరి పేరు గడిలో క్రోమ్ చూపించే సూచనల్లోంచి ఒకటి ఎంచుకున్నప్పుడు అప్పుడప్పుడూ తెర మొత్తం ‘మళ్లీ తెరవండి’ అని పోవడం. ఆ ఎంపిక సమయంలో క్రోమ్ ‘కీడౌన్’ పేరుతో ఒక ఈవెంట్ పంపుతుంది, కానీ అది కీబోర్డ్ ఈవెంట్ కాదు, మామూలు ఈవెంట్. దానికి కీ ఉండదు, కోడ్ ఉండదు. డాక్యుమెంట్ లిజనర్‌లో ‘కోడ్’ మీద స్టార్ట్స్‌విత్ పిలిచే వరుస అక్కడ పగిలింది. టైప్‌స్క్రిప్ట్ తాలూకు డామ్ టైపుల్లో (బ్రౌజర్ వస్తువులకు రాసిన టైపులు) కోడ్ అంటే స్ట్రింగ్, అంతే. అన్‌డిఫైన్డ్ కావచ్చన్న మాటే అందులో లేదు. రియాక్ట్ హ్యాండ్లర్లలో మాత్రం పగల్లేదు. ఎందుకంటే రియాక్ట్ తన చుట్టులో కీ లేకపోతే ‘అన్‌ఐడెంటిఫైడ్’ అని తనే నింపుతుంది.

ఈ కేసును రాసిపెట్టడానికి కారణం ఈ పోలికే. ఈజ్‌కంపోజింగ్ విషయంలో టైపు నిజం చెప్పింది, మనం నోరు మూశాం. సూచనల విషయంలో టైపు చెప్పింది నిజం కాదు, మనం నమ్మాం. డామ్ టైపులు బ్రౌజర్ స్పెసిఫికేషన్ ఏం చెబుతుందో రాసిపెట్టిన పత్రం లాంటివి. నడుస్తున్న బ్రౌజర్ ఏం పంపుతుందో వాటికి తెలియదు.

ఏది పనిచేసింది

కీబోర్డ్ ఈవెంట్లు లోపలికి వచ్చే గుమ్మం ఒక్కటే ఉండాలని నిర్ణయించారు. గుమ్మం దగ్గర ఒక ఫంక్షన్. లోపలికి వచ్చేది ‘ఈవెంట్’ టైపు, బయటికి పోయేది అప్లికేషన్ సొంత ఆజ్ఞ: ‘తర్వాతి గడి’, ‘దాచు’, ‘అచ్చు’, ‘కొత్త పట్టీ’, ‘రద్దు’, లేదా నల్ (ఏ ఆజ్ఞా లేదు). గుమ్మం దాటాక ఏ కాంపొనెంటూ కీ, కోడ్ అనే మాటలు చూడదు. ఆజ్ఞలు యూనియన్ టైపు (ఈ కొన్ని విలువలే ఉండొచ్చని చెప్పేది) కాబట్టి స్విచ్‌లో ఒకటి మరిచిపోతే చివరి ‘నెవర్’ తనిఖీ దగ్గర కంపైలర్ ఆపుతుంది. మన సొంత టైపు మీద ఆ నమ్మకం పెట్టుకోవచ్చు, ఎందుకంటే ఆ విలువలను పుట్టించేది మనమే.

ఫంక్షన్ లోపలి వరుస ముఖ్యం. ముందు, ఈవెంట్‌లో ‘కీ’ ఉందా, అది స్ట్రింగేనా అని చూస్తుంది, లేకపోతే నల్. ‘ఇన్‌స్టన్స్‌ఆఫ్ కీబోర్డ్‌ఈవెంట్’ (ఇది ఆ క్లాస్‌దేనా) అని ఎందుకు అడగలేదంటే, అచ్చు చూపించే భాగం ఐఫ్రేమ్‌లో (పేజీలో ఇమిడిన ఇంకో పేజీ) ఉంది. దాని డాక్యుమెంట్‌కు లిజనర్ తగిలిస్తే వచ్చే ఈవెంట్ ఆ ఫ్రేమ్ సొంత క్లాస్‌ది, ఇక్కడి పరీక్షలో తప్పుతుంది. టైప్‌స్క్రిప్ట్ 4.9 నుంచి ‘ఇన్’ పరీక్ష తర్వాత ఆ ప్రాపర్టీని టైపులో లేకపోయినా అడగొచ్చు, కాబట్టి యాజ్ అవసరం రాలేదు.

ఆ తర్వాత డిఫాల్ట్‌ప్రివెంటెడ్: ఇంకెవరో ఇప్పటికే ఈ నొక్కును తీసుకుని ఉంటే వదిలేయడం. తర్వాత కూర్పు పరీక్ష: ఈజ్‌కంపోజింగ్ నిజమైనా, కీకోడ్ 229 అయినా నల్. కీకోడ్ పాతబడిందని ఎడిటర్ గీత కొడుతుంది. అయినా ఉంచారు, కారణాన్ని పక్కనే వ్యాఖ్యగా రాశారు. సఫారీలో కూర్పు ముగింపు ఈవెంట్ ముందు వచ్చి, ఆ ఎంటర్ తాలూకు కీడౌన్ తర్వాత వస్తుంది. అప్పటికి ఈజ్‌కంపోజింగ్ అబద్ధం అయిపోతుంది, 229 ఒక్కటే మిగులుతుంది. ఈ దుకాణంలో సఫారీ లేదు. రేపు ఎవరైనా మ్యాక్ తెచ్చిపెడితే ఇదే ఫిర్యాదు తిరిగి రావద్దని ఉంచారు.

ఆపైన రిపీట్. దాచడం, అచ్చు, కొత్త పట్టీలకు రిపీట్ అయితే నల్. కానీ మీటను రెండుసార్లు విడివిడిగా నొక్కితే రిపీట్ పనికిరాదు. అందుకని ప్రతి పట్టీకి తెర తెరిచినప్పుడే ఒక గుర్తు సంఖ్య ఇచ్చారు, సర్వర్ అదే గుర్తును రెండోసారి తీసుకోదు. ఇక్కడా టైపు ఒకసారి మోసం చేసింది. ‘క్రిప్టో.ర్యాండమ్‌యూయూఐడీ’ ఉందనే టైపులు చెబుతాయి, కానీ అది హెచ్‌టీటీపీఎస్ పేజీలోనో లోకల్‌హోస్ట్‌లోనో మాత్రమే దొరుకుతుంది. దుకాణంలోని సర్వర్ మామూలు హెచ్‌టీటీపీ మీద ఉంది. కాబట్టి గుర్తును సర్వరే ఇచ్చేలా మార్చారు.

చివరికి కీ. ఎంటర్, ఎస్కేప్, ఎఫ్9 లాంటి పేరున్న మీటలను ‘కీ’తోనే పోల్చారు. వీటి పేరు భాష మారినా మారదు, రెండు ఎంటర్లూ ఒకటిగానే వస్తాయి. ఒంటి అక్షరాల షార్ట్‌కట్లను తీసేశారు. వాటిని మాత్రం ‘కోడ్’తో ఉంచొచ్చు కదా అన్న వాదన వచ్చింది. ఒప్పుకోకపోవడానికి కారణం, డబ్ల్యూసీఏజీ 2.1 (వెబ్ పేజీలు అందరూ వాడేలా ఉండాలనే ప్రమాణాలు) లోని 2.1.4 నియమం కూడా పట్టించుకునే ప్రమాదం: ఫోకస్ గడిలో లేదని తెలియక మనిషి పేరు కొట్టడం మొదలుపెడితే ప్రతి అక్షరమూ ఒక ఆజ్ఞ అవుతుంది. అచ్చుకు ఎఫ్9, కొత్త పట్టీకి ఎఫ్2 ఇచ్చారు. ఎఫ్5, ఎఫ్11, ఎఫ్12 బ్రౌజర్‌వి, వాటి జోలికి పోలేదు. కంట్రోల్, ఆల్ట్, మెటా ఏది నొక్కి ఉన్నా నల్.

బ్రౌజర్ మామూలుగా చేసే పనిని ఆపే ప్రివెంట్‌డిఫాల్ట్‌ని పిలిచేది ఆజ్ఞ దొరికినప్పుడు మాత్రమే. పాత కోడ్‌లో రకం గడి హ్యాండ్లర్ ఆజ్ఞ లేని ట్యాబ్‌కూ దాన్ని పిలిచేది. దాంతో ట్యాబ్ మీట కూడా చచ్చిపోయి, రకం గడిలో పడ్డ ఫోకస్ మౌస్ లేకుండా బయటికి వచ్చేది కాదు.

తూకం గడి వేరే దారి పట్టింది. రకాన్ని ‘టెక్స్ట్’కి మార్చి, ఇన్‌పుట్‌మోడ్ ‘డెసిమల్’ పెట్టారు. ఇక నమ్‌లాక్ లేకపోతే బాణం కర్సర్‌ని కదుపుతుందే గానీ తూకాన్ని కాదు. అంకెలు తప్ప వేరేవి పడకుండా కీడౌన్‌లో ఆపడం ట్యాబ్లెట్‌లో పనికిరాదు: ఆండ్రాయిడ్ క్రోమ్‌లో జీబోర్డ్ చాలా మీటలకు ‘అన్‌ఐడెంటిఫైడ్’, 229 అనే చెబుతుంది. బిఫోర్‌ఇన్‌పుట్‌లో రాబోయే అక్షరాలు ‘డేటా’గా వస్తాయి, అక్కడ ఆపారు. రియాక్ట్ ‘ఆన్‌బిఫోర్‌ఇన్‌పుట్’ బ్రౌజర్ ఈవెంట్ కాదు, రియాక్ట్ సొంతంగా తయారుచేసేది. అందుకని రెఫ్ (అసలు గడిని అందుకునే దారి) ద్వారా లిజనర్‌ని నేరుగా తగిలించారు. కూర్పులో వచ్చే మార్పులను ఆపే వీలు ఉండదు. అందువల్ల చివరి తనిఖీ గడిలోని విలువ మీదే జరుగుతుంది: దాన్ని చదివి సంఖ్యగా మార్చే ఫంక్షన్ ‘తూకం’ అనే సొంత టైపునైనా ఇస్తుంది, తప్పునైనా ఇస్తుంది. పట్టీ దాచే ఫంక్షన్ మామూలు నంబర్‌ని తీసుకోదు.

మళ్లీ రాకుండా

టైప్‌స్క్రిప్ట్ లింట్‌లో (కోడ్‌ని తనిఖీ చేసే సాధనం) ‘ఎనీ’ని నిషేధించారు, ‘ఎనీ’ విలువల్లోంచి ప్రాపర్టీ తీసుకోవడాన్నీ నిషేధించారు. ఈవెంట్ టార్గెట్‌ని ‘యాజ్ హెచ్‌టీఎమ్‌ఎల్‌ఇన్‌పుట్‌ఎలిమెంట్’ అనే చోట్లన్నీ పోయాయి. హ్యాండ్లర్ తగిలించిన గడే కావాలంటే కరెంట్‌టార్గెట్ ఉంది, దాని టైపు రియాక్ట్‌లో సరిగ్గా వస్తుంది. టార్గెట్టే కావాల్సిన చోట ఇన్‌స్టన్స్‌ఆఫ్‌తో అడగాలి. ఆజ్ఞల పట్టికలోంచి తీసిన విలువ లేకపోవచ్చని గుర్తుచేయడానికి ‘నోఅన్‌చెక్డ్‌ఇండెక్స్డ్‌యాక్సెస్’ ఆన్ చేశారు. స్ట్రిక్ట్ పెడితే అది దానంతటదే రాదు, విడిగా పెట్టాలి.

పరీక్షలకు నమోదు పేజీ చిట్టానే ముడిసరుకైంది. మామూలు ఎంటర్ నొక్కే టెస్ట్ సాధనాలు కూర్పును అనుకరించవు కాబట్టి, ఈవెంట్లను చేత్తో తయారుచేశారు: కీ ‘ప్రాసెస్’, కోడ్ ‘ఎంటర్’, ఈజ్‌కంపోజింగ్ నిజం ఉన్నది ఒకటి, కీ ‘ఎంటర్’, కీకోడ్ 229, ఈజ్‌కంపోజింగ్ అబద్ధం ఉన్నది ఒకటి, కీ లేని మామూలు ‘కీడౌన్’ ఒకటి, రిపీట్‌తో ఎఫ్9 ఒకటి. నాలుగింటికీ జవాబు నల్ రావాలి. అంకెల పలకలోని ఎంటర్‌కు ‘తర్వాతి గడి’ రావాలి. వీటితోపాటు ప్రతి విడుదలకు ముందు ఒక మనిషి విండోస్ ఫొనెటిక్‌లో ఒకటి, ఇన్‌స్క్రిప్ట్‌లో ఒకటి, ట్యాబ్లెట్‌లో ఒకటి చొప్పున మూడు పట్టీలు కొట్టి చూడాలి. పేర్లలో ఒత్తులు, రెండు మాటలు ఉన్నవి తప్పనిసరి, ‘కొమ్ముల లచ్చయ్య’ లాంటివి. ఒక మాటకు కూర్పు ముగిసి వెంటనే రెండోది మొదలయ్యే చోటే తేడాలు బయటపడతాయి.

ఇంకా తేలనిది ఒకటి ఉంది. ఫొనెటిక్‌లో మాట ఖాయం చేయడానికి ఒక ఎంటర్, గడి దాటడానికి ఇంకొకటి, అంటే పేరుకు రెండు నొక్కులు. అబ్బాయి స్పేస్‌తో మాట ఖాయం చేసి ఎంటర్‌తో దాటడం అలవాటు చేసుకున్నాడు. అయితే పేరు చివర ఖాళీ మిగులుతోంది. ప్రస్తుతం దాచేటప్పుడు దాన్ని కత్తిరిస్తున్నారు. పాత పట్టీల్లో సగం పడ్డ పేర్లను మాత్రం ప్రోగ్రామ్‌తో దిద్దలేదు. లాట్ నంబరు పట్టుకుని, కాగితం పట్టీ పక్కన పెట్టుకుని, పెద్ద గుమాస్తా ఒక్కొక్కటిగా సరిచేశారు.